ఫీనిక్స్ ఎడారిలో సాంకేతిక ఉద్యోగాలు నిలుస్తాయా?

ప్రశ్న: ఎడిసన్ వాసి

అందరికీ నమస్కారం. మేము తొమ్మిదేళ్లుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాము. నేను ఒక బ్యాంకుకు జావా మీద పనిచేసే డెవలపర్‌ను. మా ఆవిడ కెమికల్ ఇంజనీరింగ్ చదివి, చిప్‌ల తయారీకి యంత్రాలు సరఫరా చేసే ఒక సంస్థలో ప్రాసెస్ ఇంజనీరుగా ఉంది. ఆమెకు ఈ నెల అరిజోనా రాష్ట్రంలోని ఉత్తర ఫీనిక్స్‌లో, తైవాన్ సంస్థ టీఎస్ఎంసీ ఫ్యాబ్‌లు (చిప్‌ల కర్మాగారాలు) కడుతున్న వైపు, ఇప్పటికన్నా మంచి ఉద్యోగం ఖాయమైంది. నాకు మాత్రం అక్కడ ఇంకా ఏదీ లేదు. ఇప్పుడున్న పనినే ఏడాదిపాటు ఇంటి నుంచి చేసుకోవడానికి మా మేనేజరు ఒప్పుకున్నారు. ఆ తర్వాత సంగతి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

నా సందేహం జీతం గురించి కాదు, ఊరి గురించి. 1950లో లక్షకు కాస్త పైన జనాభా ఉన్న ఫీనిక్స్, 2020 లెక్కల నాటికి 16 లక్షలు దాటి అమెరికాలో అయిదో పెద్ద నగరమైంది. ఇంత వేగంగా పెరిగిన ఊళ్లో ఆ పెరగడమే ఒక వ్యాపారంగా మారిపోతుందేమో, ఇళ్లు కట్టేవాళ్లూ అమ్మేవాళ్లూ వాళ్లకు అప్పులిచ్చేవాళ్లూ తప్ప మరొకరు బతకడానికి వీలు లేకుండా పోతుందేమో అని నా భయం. పైగా ఏడాది మొత్తానికి ఏడెనిమిది అంగుళాలకు మించి వాన పడని చోట, నీళ్ల మీదే నడిచే చిప్ పరిశ్రమను ఎన్నాళ్లు నిలబెట్టగలరు? ఒకవేళ నిలబడినా, అది నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి కూడా పనికొచ్చే కేంద్రమేనా, లేక మా ఆవిడ ఉద్యోగం ఒక్కదాని మీదే మా కుటుంబం ఆధారపడవలసి వస్తుందా? పిల్లలకు ఏడేళ్లు, నాలుగేళ్లు. ఒకసారి వెళ్లాక మళ్లీ వాళ్లను బడి మాన్పించి ఇంకో ఊరు తిప్పడం నాకు ఇష్టం లేదు. అక్కడ ఉంటున్నవారు, కొన్నాళ్లు ఉండి వచ్చేసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు: చాండ్లర్ పాతకాపు

ఎడిసన్ వాసి గారికి నమస్కారం. నేను 1998లో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్ వచ్చాను. ఫ్యాబ్‌లలోనే పనిచేసి రెండేళ్ల క్రితం విరమించాను. ఇన్నేళ్లలో మూడు సంస్థలు మారాను గానీ ఇల్లు మారవలసిన అవసరం రాలేదు. మీ ప్రశ్నకు నేను మొదట చెప్పగలిగిన జవాబు అదే. ఒకచోట పని పోయినప్పుడు అదే పనికి అరగంట దూరంలో ఇంకొక గుమ్మం ఉంటే ఆ ఊరిని కేంద్రం అనవచ్చు.

ఈ ఊరు సాంకేతిక కేంద్రం కాగలదా అని ఇప్పుడు పత్రికలన్నీ కొత్తగా రాస్తున్నాయి గానీ, ఇక్కడ ఆ పని మొదలై డెబ్బై ఏళ్లు దాటింది. మోటరోలా 1949లోనే ఫీనిక్స్‌లో పరిశోధనశాల పెట్టింది, తర్వాత ట్రాన్సిస్టర్లు, చిప్‌లు చేసింది, ఒక దశలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ మందికి పని ఇచ్చిన ప్రైవేటు సంస్థ అయింది. ఇంటెల్ 1980 ప్రాంతంలో చాండ్లర్ వచ్చింది. మోటరోలా తన చిప్ విభాగాలను వదిలించుకున్నప్పుడు 1999లో ఆన్ సెమీకండక్టర్, 2004లో ఫ్రీస్కేల్ ఏర్పడ్డాయి. ఫ్రీస్కేల్ 2015లో ఎన్ఎక్స్‌పీలో కలిసిపోయింది. గేటు మీది బోర్డు ఇన్నిసార్లు మారినా లోపల పనిచేసేవాళ్లు చాలావరకు వాళ్లే. మైక్రోచిప్ ప్రధాన కార్యాలయం కూడా చాండ్లర్‌లోనే ఉంది. 2020 మే నెలలో టీఎస్ఎంసీ 1,200 కోట్ల డాలర్లతో ఇక్కడికి వస్తామని ప్రకటించడానికి స్థలం, కరెంటు, రాయితీలు ఎంత కారణమో, పంపులు బాగుచేసేవాళ్లు, గ్యాసు గొట్టాలు వేసేవాళ్లు, వేఫర్ (చిప్‌లు తయారయ్యే పలుచని సిలికాన్ బిళ్ల) మీద మచ్చ చూసి అది ఏ యంత్రంలో పడిందో చెప్పగలిగేవాళ్లు ఇక్కడ రెండు తరాలుగా ఉండడం కూడా అంతే కారణం. ఫీనిక్స్, దాని చుట్టుపక్కల ఊళ్లు ఉన్న ఈ లోయలో భూకంపాల, తుఫానుల బెడద లేకపోవడం ఇంకొక కారణం. నానోమీటర్ల లెక్కలో గీతలు గీసే యంత్రానికి నేల కదలకపోవడం ఎంత ముఖ్యమో మీ ఆవిడను అడిగితే చెబుతారు.

అయితే ఇదంతా ఎగువకే సాగే దారి కాదు. ఇంటెల్ 2011లో 500 కోట్ల డాలర్లకు పైగా పెట్టి ఫ్యాబ్ 42 కడతామని ప్రకటించింది. 2012 జనవరిలో అధ్యక్షుడు ఒబామా స్వయంగా వచ్చి, ఇంకా క్రేన్లు నిలబడి ఉన్న ఆ స్థలంలో ప్రసంగించారు. 2014లో ఆ భవనాన్ని ప్రస్తుతానికి తెరవబోమని సంస్థ చెప్పింది. నేను రోజూ ఆ దారినే వెళ్లేవాడిని. అంత పెద్ద భవనం, దీపాలు వెలుగుతూ, పార్కింగు మాత్రం ఖాళీగా ఉండేది. 2017లో మళ్లీ 700 కోట్ల డాలర్లు ప్రకటించి, 2020లో ఉత్పత్తి మొదలుపెట్టారు. ప్రకటనకూ మొదటి వేఫర్‌కూ మధ్య తొమ్మిదేళ్లు గడిచాయి. ఆ ప్రకటనను నమ్ముకుని ముందుగానే ఇల్లు కొన్నవాళ్లు మా వీధిలోనే ఇద్దరు ఉండేవారు.

నా సంగతికి వస్తే, 2009లో ఉద్యోగం పోయి ఏడు నెలలు ఖాళీగా ఉన్నాను. అప్పటికి ఇక్కడి ఇళ్ల ధరలు సగానికి పడిపోతున్నాయి. అమ్మి వెళ్లిపోదామంటే ఇంటి విలువ కన్నా అప్పే ఎక్కువగా ఉంది. మీరు భయపడుతున్న ఊరు, అంటే పెరుగుదలే వ్యాపారమైన ఊరు, ఆ రోజుల్లో నిజంగానే ఇక్కడ ఉండేది. నన్ను ఆదుకున్నది చిన్న చిన్న వెండర్ సంస్థలు. పెద్ద ఫ్యాబ్‌లో పని ఆగిపోయినా పాత యంత్రాల మరమ్మతు పని మాత్రం ఆగలేదు.

ఇక లెక్క ఒకటి చెబుతాను, దీన్ని నిదానంగా చూడండి. 2024లో టీఎస్ఎంసీ తన పెట్టుబడిని 6,500 కోట్ల డాలర్లకు పెంచినప్పుడు, మూడు ఫ్యాబ్‌లలో నేరుగా వచ్చే ఉద్యోగాలు సుమారు 6,000 అన్నారు. అంటే ఒక్కో ఉద్యోగం వెనుక కోటి డాలర్లకు పైగా పెట్టుబడి. 2025 మార్చిలో మొత్తం 16,500 కోట్ల డాలర్లకు పెరిగింది. డబ్బు అంకెను చూసి ఉద్యోగాల అంకెను ఊహించుకుంటే మోసపోతాము. కట్టేటప్పుడు వేలమంది కార్మికులు కావాలి. కట్టాక, 25 వేఫర్లు పట్టే డబ్బాలు పైకప్పు పట్టాల మీద వాటంతట అవే ఒక యంత్రం నుంచి ఇంకొకదానికి పరుగెడుతుంటే, కింద తెల్ల దుస్తుల్లో పదిమంది కూడా కనబడరు.

మీలాంటివారికి అవకాశం ఆ డబ్బాల వెనుకే ఉంది. యంత్రాల నుంచి క్షణక్షణం వచ్చే కొలతలను చదివి, తేడా కనబడగానే ఆ లాట్‌ను, అంటే ఆ విడత వేఫర్లను, ఆపే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ప్రతి ఫ్యాబ్‌కూ కావాలి. కానీ ఆ బృందాలు చిన్నవి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది బ్యాంకులు, కార్డుల సంస్థల దగ్గరే. అమెరికన్ ఎక్స్‌ప్రెస్, వెల్స్ ఫార్గో, చేజ్ వంటివాటికి ఈ లోయలో పెద్ద కార్యాలయాలున్నాయి. పక్కనే ఉన్న టెంపీలో గోడాడీ, కార్వానా ఉన్నాయి. మీరు ఇప్పటికే బ్యాంకు పని చేస్తున్నారు కాబట్టి మీకు చోటు దొరక్కపోదు. అయితే న్యూజెర్సీలో ఉండి న్యూయార్క్ మార్కెట్టును చూసిన కంటికి ఇది చిన్నదిగానే కనబడుతుంది. ఊరికి కొత్త ఆలోచన తెచ్చి, దానికి ఇక్కడే పెట్టుబడి సంపాదించి, ఇక్కడే పెద్ద సంస్థను చేసినవాళ్లు తక్కువ. ఫీనిక్స్ వస్తువు తయారుచేసే ఊరు. సిలికాన్ వ్యాలీతో పోల్చుకుని వస్తే నిరాశపడతారు.


జవాబు: కాలువగట్టు

నేను ఈ రాష్ట్రంలో నీటి సరఫరా ప్రణాళికల మీద పనిచేసే సివిల్ ఇంజనీరును. నీళ్ల ప్రశ్నను మన లెక్కలో చెబితే సులువుగా ఉంటుందని అన్నీ టీఎంసీలలోకి మార్చి రాస్తున్నాను.

ఈ లోయకు నీళ్లు మూడు దారుల్లో వస్తాయి. మొదటిది స్థానిక నదులు, సాల్ట్, వెర్డీ. వాటి మీద 1911లోనే రూజ్‌వెల్ట్ డ్యామ్ పూర్తయింది. రెండవది కొలరాడో నది. హవాసు సరస్సు నుంచి 336 మైళ్లు, అంటే సుమారు 540 కిలోమీటర్లు, ఎడారి మీదుగా కాలువలో ఎత్తిపోసి తెస్తారు. దాని నిర్మాణం 1973లో మొదలై 1993లో ముగిసింది. కాలువ టూసాన్ చేరే లోపు నీటిని 2,900 అడుగుల దాకా పైకి ఎత్తాలి. పూర్తి వాటా వచ్చిన ఏడు ఈ కాలువలో పారేది సుమారు 65 టీఎంసీలు. హంద్రీ-నీవా చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. మూడవది భూగర్భ జలం.

ఇందులో బలహీనమైనది కాలువే. 1968లో ఈ పథకానికి అనుమతి సంపాదించుకోవడానికి, కరువు వస్తే కాలిఫోర్నియా తర్వాతే మా వంతు అని అరిజోనా ఒప్పుకుంది. ఆ సంతకం 2022లో తగిలింది. కొలరాడో నది మీది మీడ్ సరస్సు మట్టం పడిపోవడంతో చరిత్రలో మొదటిసారి కొరత ప్రకటించి, అరిజోనాకు 5 లక్షల ఎకర-అడుగులకు పైగా, అంటే సుమారు 22 టీఎంసీలు కోశారు. ఆ కోత నగరాల కుళాయిల్లో కనబడలేదు. ఫీనిక్స్‌కూ టూసాన్‌కూ మధ్య ఉన్న పినాల్ కౌంటీ రైతులు దాన్ని భరించారు. పత్తి, గడ్డి వేసే పొలాలు బీళ్లయ్యాయి. నది పంపకాన్ని ఇప్పుడు నడుపుతున్న 2007 నాటి నిబంధనలు 2026 ఆఖరుతో ముగుస్తాయి. కృష్ణా జలాల తగవును ఇన్నేళ్లుగా చూస్తున్న మనకు, ఏడు రాష్ట్రాలు ఒక నదిని పంచుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

అయినా చిప్‌ల పరిశ్రమ నీటి వల్ల ఆగిపోతుందని నేను అనుకోను. అరిజోనా నీటిలో 70 శాతానికి పైగా వ్యవసాయానికి వెళుతుంది. 1950ల నుంచి ఇప్పటికి జనాభా ఆరు రెట్లకు పైగా పెరిగినా రాష్ట్రం వాడే మొత్తం నీరు దాదాపు అక్కడే ఉంది. ఎందుకంటే పొలం పోయి ఇళ్లు వచ్చిన ప్రతి ఎకరంలోనూ నీటి వాడకం సాధారణంగా తగ్గుతుంది. ఇక ఫ్యాబ్ వాడే నీరు పంటకు పోసిన నీటిలా ఆవిరైపోయేది కాదు. వేఫర్‌ను కడగడానికి నీటిని లవణాలేవీ లేకుండా శుద్ధి చేస్తారు, కడిగాక వచ్చే మురుగును మళ్లీ శుద్ధి చేస్తారు. చాండ్లర్‌లో ఇంటెల్, నగరపాలక సంస్థ కలిసి ఆ నీటిని తిరిగి వాడుకోవడం, కొంత భూమిలోకి ఇంకించడం చాలా ఏళ్ల నుంచి చేస్తున్నాయి. టీఎస్ఎంసీ తన స్థలంలోనే పెట్టే శుద్ధి కేంద్రంతో 90 శాతం తిరిగి వాడుకోవాలని లక్ష్యం పెట్టుకుంది. ఊరికి పడమట ఉన్న పాలో వెర్డీ అణు విద్యుత్ కేంద్రం 1980ల నుంచీ ఈ లోయ నగరాల మురుగునీటిని శుద్ధి చేసుకుని, దానితోనే చల్లబడుతోంది. పక్కన నది గానీ సముద్రం గానీ లేకుండా అంత పెద్ద అణు కేంద్రం నడవడం ప్రపంచంలో మరెక్కడా లేదు. ఆ పైపుల పక్కన నిలబడి చూసినప్పుడు ఈ ఊరివాళ్ల మీద నాకు నిజంగా గౌరవం కలిగింది.

నీటి కొరత అసలు దెబ్బ వేసేది ఇళ్ల మీద. ఇక్కడ 1980 నాటి భూగర్భ జల చట్టం ప్రకారం కొత్త కాలనీ వేయాలంటే వందేళ్లకు సరిపడా నీరు ఉన్నట్టు చూపించాలి. 2023 జూన్‌లో గవర్నర్ కేటీ హాబ్స్ ప్రభుత్వం విడుదల చేసిన అంచనాలో, ఫీనిక్స్ చుట్టూ వందేళ్ల అవసరంలో 4 శాతం, అంటే 200 టీఎంసీలకు పైగా, భూగర్భంలో దొరకదని తేలింది. దాంతో అప్పట్లో కేవలం బోరు నీటినే నమ్ముకునే కొత్త కాలనీలకు అనుమతులు ఆపేశారు. కాబట్టి పెద్ద నగరాల హద్దుల్లో ఉన్న ఇల్లు వేరు, దూరాన ఎడారి అంచులో చవగ్గా దొరికే ఇల్లు వేరు. స్కాట్స్‌డేల్ పక్కనే ఉన్న రియో వెర్డీ ఫుట్‌హిల్స్‌కు 2023 జనవరిలో నగరం ట్యాంకర్ల నీళ్లు ఆపేసింది. లక్షల డాలర్ల ఇళ్లలో ఉన్నవాళ్లు వాన నీళ్లు బకెట్లలో పట్టుకున్నారు. మీరు ఇల్లు చూసేటప్పుడు వంటగది కన్నా ముందు, ఆ ఇంటికి నీళ్లిచ్చేది ఎవరని అడగండి. ఏజెంటు నసిగితే ఆ ఇంటిని వదిలేయండి.


జవాబు: టెంపీ విద్యార్థిని

నమస్కారమండి. నేను అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసి 2023లో పట్టా తీసుకున్నాను. పెద్దలిద్దరూ చెప్పినదానికి కొత్తగా ఉద్యోగం వెతుక్కునేవారి వైపు నుంచి కొంత కలపాలనిపించింది.

మా యూనివర్సిటీ ఇంజనీరింగ్ విభాగం దేశంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి. ఒక్క మా బ్యాచ్‌లోనే తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమంది ఉండేవారంటే, గ్రూప్ ప్రాజెక్టు మీటింగులో ఎవరో ఒకరు ఇంగ్లీషులోకి మారండని గుర్తు చేయవలసి వచ్చేది. అందరూ కంప్యూటర్ సైన్సే. ఫ్యాబ్‌లు మాత్రం అడిగేది ఎలక్ట్రికల్, కెమికల్, మెటీరియల్స్ చదివినవాళ్లను. వాళ్లకన్నా ఎక్కువగా అడిగేది టెక్నీషియన్లను. మారికోపా కమ్యూనిటీ కాలేజీలు 2022లో పది రోజుల టెక్నీషియన్ శిక్షణ మొదలుపెట్టాయంటేనే కొరత ఎక్కడ ఉందో తెలుస్తుంది. 2023 జూలైలో టీఎస్ఎంసీ, తగిన నైపుణ్యం ఉన్న కార్మికులు చాలినంతమంది లేరని చెప్పి, మొదటి ఫ్యాబ్ ఉత్పత్తిని 2025కు వాయిదా వేస్తున్నట్టు ప్రకటించింది. అదే వారంలో మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉద్యోగాల కోసం రోజుకు ముప్పై దరఖాస్తులు పంపుతున్నాము. ఊళ్లో మనుషులు చాలడం లేదని వార్త, మాకేమో ఒక్క ఫోనూ రాదు. ఆ రెండూ ఒకే చోట నిజం కావడం ఆ రోజుల్లో నాకు చాలా బాధ కలిగించింది.

వీసాల విషయం కూడా చూడాలి. ఈ ప్రాంతంలో రక్షణ, విమాన రంగాల సంస్థలు చాలా ఉన్నాయి, వాటిలో చాలా ఉద్యోగాలకు అమెరికా పౌరసత్వం తప్పనిసరి. చదువయ్యాక పనిచేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి ఏడాది, దాని మీద సైన్సు, ఇంజనీరింగ్ వంటివి చదివినవారికిచ్చే స్టెమ్ పొడిగింపు రెండేళ్లు కలిపి మాకున్నవి మూడేళ్లు. నేను చివరికి ఫ్యాబ్‌లకు శుద్ధి పరికరాలు అమ్మే ఒక చిన్న సంస్థలో డేటా పని దొరకబుచ్చుకున్నాను. ఇంటర్వ్యూలో వాళ్లు నన్ను కోడింగ్ లెక్కలు అడగలేదు. ఒక పంపు నుంచి వచ్చిన మూడు నెలల ఒత్తిడి కొలతల గ్రాఫు చూపించి, ఇది ఏ రోజు పాడవుతుందని అనుకుంటున్నావని అడిగారు. గ్రాఫు మీద ఒక చిన్న ఊగిసలాట రోజూ ఒకే వేళకు వస్తోంది. అది షిఫ్టు మారే వేళ అని గమనించి చెప్పినందుకే నన్ను తీసుకున్నారని తర్వాత తెలిసింది. మీరు వచ్చేలోపు ఈ రంగం మాటలు కొంత మీ ఆవిడ దగ్గరే నేర్చుకుంటే, బ్యాంకుల బయట కూడా మీకు అవకాశాలు కనబడతాయని నా నమ్మకం.


జవాబు: పెనుకొండ

నేను ఫీనిక్స్ చూడలేదు. కానీ ఎండిన నేల మీదికి పెద్ద పరిశ్రమ వస్తే ఏమవుతుందో మా ఊరి పక్కన చూశాను. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా పేరుపడిన అప్పటి ఉమ్మడి అనంతపురంలో, మా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికొచ్చాయి. గొల్లపల్లి జలాశయానికి కృష్ణా నీళ్లు చేరడం, కర్మాగారం లేవడం కళ్ల ముందే జరిగాయి. మా నాన్నగారి తరం ఆ నీళ్ల కోసం ఎన్నేళ్లు ఎదురు చూసిందో తెలిసినవాడిగా, పరిశ్రమ అడిగితే నీరు త్వరగా కదులుతుందని చెప్పగలను. కాలువగట్టు గారు రాసిన పినాల్ రైతుల సంగతి చదివినప్పుడు అదే గుర్తొచ్చింది. అక్కడి రైతులకు ఆ కోతకు బదులుగా ఏమైనా ఇచ్చారా?

కర్మాగారం చుట్టూ విడిభాగాల సంస్థలు వచ్చాయి, డ్రైవర్లకు, క్యాంటీన్లకు, అద్దె ఇళ్లకు పని దొరికింది. డిజైన్ చేసేవాళ్లు మాత్రం రాలేదు. మా మేనల్లుడు మెకానికల్ చదివి లైన్‌లోనే పనిచేస్తున్నాడు, డిజైన్ పని కావాలంటే బెంగళూరో చెన్నయో పోవాలంటాడు. ఫీనిక్స్‌లో తయారీతో పాటు ఆలోచన చేసే పని కూడా చేరుతోందా అన్నదే చూడవలసిన విషయం అనిపిస్తుంది.


జవాబు: కాలువగట్టు

పెనుకొండ గారూ, బోర్లు వేసుకోవడానికి, కాలువలు బాగుచేసుకోవడానికి పినాల్ రైతులకు కొంత ప్రభుత్వ సాయం అందింది. అంటే నది నీటికి బదులు భూగర్భ జలం తోడుకోవడానికే సాయం చేశారన్నమాట. అది తీరే అప్పు కాదు.

మీ రెండో ప్రశ్నకు కొంతవరకు అవునని చెప్పవచ్చు. టీఎస్ఎంసీ 2025 ప్రణాళికలో ఆరు ఫ్యాబ్‌లతో పాటు రెండు ప్యాకేజింగ్ కేంద్రాలు, ఒక పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఆమ్‌కోర్ సంస్థ ఫీనిక్స్ పక్కనే ఉన్న పియోరియాలో ప్యాకేజింగ్ కర్మాగారం కడుతోంది. ఇప్పటివరకు ఇక్కడ చేసిన వేఫర్‌ను చిప్‌గా అమర్చడానికి మళ్లీ ఆసియాకు పంపవలసి వచ్చేది. ఆ మెట్టు కూడా ఇక్కడికే వస్తే దానితో పాటు పరీక్షలు, డిజైన్ సవరణలు చేసే ఇంజనీర్లు కూడా వస్తారు.


జవాబు: ఎడిసన్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులను మా ఆవిడకు చదివి వినిపించాను. పంపు గ్రాఫు సంగతి విని ఆమె నవ్వి, ఈ రాత్రి నుంచే పాఠాలు మొదలు పెడతానంది. నీళ్ల గురించి నా భయం చాలావరకు తీరింది. ఫ్యాబ్ నిలబడుతుందని, కానీ నా ఉద్యోగం దానంతట అది రాదని అర్థమైంది. ఇంకొక్కటి అడగాలి. ఎండ గురించి వార్తల్లో చూసినది పిల్లలున్న ఇంట్లో ఎలా ఉంటుంది? ఇల్లు చాండ్లర్ వైపు చూడాలా, ఉత్తరం వైపా?


జవాబు: చాండ్లర్ పాతకాపు

ఎండ గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. 2023 జూలైలో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 43 సెల్సియస్ పైన ఉంది. ఆ నెలలో వరసగా 16 రాత్రులు 90 డిగ్రీల కిందికి దిగలేదు. మన రెంటచింతలలో, రామగుండంలో పగటి ఎండ ఇంతే ఉంటుంది గానీ, రాత్రి తెరిపి లేకపోవడమే ఇక్కడి కష్టం. ఆ ఏడు ఫీనిక్స్ ఉన్న ఒక్క మారికోపా కౌంటీలోనే 645 మంది వేడికి చనిపోయినట్టు లెక్కల్లో ఉంది. వారిలో చాలామంది నిలువ నీడ లేనివాళ్లు, ఏసీ పాడైన ఇళ్లలో ఒంటరిగా ఉన్న వృద్ధులు. ఇళ్ల పైకప్పులు వేసేవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికే పని మొదలుపెట్టి ఎండ ముదిరేసరికి దిగిపోతారు. ఈ ఊరిని కడుతున్నది వాళ్లు, ఎండంతా వాళ్ల నెత్తి మీదే పడుతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ నగరాన్ని ఆపగలిగేది ఏదైనా ఉంటే అది నీటి కొరత కన్నా ఇదేనని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది.

ఇంట్లో ఎలా ఉంటుందంటే, జూలైలో చన్నీళ్ల కుళాయి తిప్పినా వేడినీళ్లే వస్తాయి. మా మనవరాలిని కారు సీటులో కూర్చోబెట్టే ముందు బెల్టు బకిల్ మీద అరచేయి పెట్టి చూడడం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. పిల్లలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉదయం ఎనిమిది లోపు, లేదా చీకటి పడ్డాక ఆడుకుంటారు. నవంబరు నుంచి మార్చి వరకు మాత్రం, మీరు మంచు తవ్వుకునే రోజుల్లో, వాళ్లు చొక్కా చేతులు మడిచి పార్కులో ఉంటారు. ఇంటి ఏసీకి మే నెలలోనే సర్వీసింగు చేయించుకోవాలి. జూలైలో పాడైతే మెకానిక్ దొరకడానికి రెండు రోజులు పట్టవచ్చు, అప్పుడు పిల్లలను తీసుకుని స్నేహితుల ఇంటికి వెళ్లవలసిందే.

ఇల్లు మాత్రం తొందరపడి మావైపు కొనకండి. మనవాళ్లు ఎక్కువగా చాండ్లర్, గిల్బర్ట్‌లలో ఉన్నారు, దుకాణాలు, సంగీతం పాఠాలు, పండుగలు అన్నీ ఇటే. కానీ మీ ఆవిడ పని ఊరికి ఆ కొసన, ఐ-17, లూప్ 303 కలిసే చోట. ఇక్కడి నుంచి ఒక వైపుకే నలభై మైళ్లకు పైన. ఫ్యాబ్‌లో యంత్రం ఆగితే అర్ధరాత్రి ఫోను వస్తుంది. ఆ వేళ నలభై మైళ్లు నడపడం ఏడాది తిరగకముందే విసుగు పుట్టిస్తుంది. మొదటి ఏడాది ఉత్తరం వైపు అద్దెకు ఉండండి. మీ ఇంటి నుంచి చేసే పని ఏడాది గడువు ముగిసేలోపు మీకు ఏ వైపు ఉద్యోగం వస్తుందో తేలుతుంది, అప్పుడు కొనవచ్చు.

ఇల్లు చూడడానికి అందరూ ఫిబ్రవరిలో వస్తారు. మీరు జూలై రెండో వారంలో పిల్లలతో సహా నాలుగు రోజులు రండి. హోటల్ వద్దు, మా ఇంట్లో రెండు గదులు ఖాళీగానే ఉన్నాయి.


జవాబు: ఎడిసన్ వాసి

పాతకాపు గారూ, మీ మాట ప్రకారమే జూలై 10కి నలుగురికీ టికెట్లు తీసుకున్నాను. నాలుగేళ్లవాడు కారు సీటు బకిల్ గురించి అప్పుడే అడగడం మొదలుపెట్టాడు. మీ చిరునామా కోసం విడిగా సందేశం పంపుతున్నాను.